బీరువా వెనకాల నాన్న

అమ్మానాన్నల ఆటలో నాన్న వేషం ఎవరికీ అక్కర్లేదు. హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ డేకేర్ చూసుకున్న రోజుల్లో నాకు తెలిసిన సంగతి ఇది. అమ్మ వేషానికి బోలెడు పని ఉంటుంది. బొమ్మకి స్నానం చేయించాలి, అన్నం తినిపించాలి, జ్వరమొస్తే గుండెలు బాదుకోవాలి. నాన్న వేషం వేసినవాడు మాత్రం మెడలో ఐడీ కార్డులా రిబ్బను తగిలించుకుని, అందరికీ టాటా చెప్పి, బొమ్మల బీరువా వెనక్కి వెళ్ళి నిలబడాలి. ఆ బీరువా వెనక ఉన్న జాగానే ఆఫీసు. ఆట అయ్యేదాకా అక్కడి నుంచి కదలకూడదు. ఒకడు అలా నిలబడీ నిలబడీ విసుగొచ్చి, "టీచర్, నాన్న ఇంటికి ఎప్పుడొస్తాడు?" అని నన్నే అడిగాడు. నాకేం తెలుసు? ఆట వాళ్ళది, రూలు వాళ్ళది.

ఇప్పుడు రిటైరై తెల్లాపూర్‌లో ఉంటున్నాను. సాయంత్రాలు మా కాంప్లెక్స్ పార్కులో నడుస్తుంటే, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన అమ్మాయిలూ అబ్బాయిలూ పలకరిస్తారు. "ఆంటీ, ఇప్పుడు ఆడా మగా తేడా ఎక్కడుందండీ? అంతా సమానమే కదా!" అంటారు. అనండి నాయనా, అనండి. మీ నోట్లో చక్కెర పోయ. కానీ ఒక్క పది నిమిషాలు ఈ బెంచీ మీద కూర్చోండి, ఒక కథ చెప్తాను.

మా డేకేర్ ఆ అద్దాల మేడలో కింది అంతస్తులో ఉండేది. కంపెనీలో పనిచేసే ఆడవాళ్ళ పిల్లలకి మాత్రమే అని రూలు. గోడ మీద తెల్లబోర్డు, దాని మీద ఒక్కో పిల్ల పేరు పక్కన వాళ్ళమ్మ నంబరు. పిల్ల తుమ్మితే అమ్మకి ఫోను, అన్నం వదిలేస్తే అమ్మకి ఫోను, చెప్పు పోతే అమ్మకి ఫోను. సగం మంది పిల్లల నాన్నలు అదే మేడలో పై అంతస్తుల్లో ఉండేవారు. అయినా వాళ్ళ నంబర్లు కావాలని మాలో ఎవరికీ తోచలేదు. గుమ్మం దగ్గర 'పురుషులకు ప్రవేశం లేదు' అని బోర్డు కూడా ఉండేది. ఆ బోర్డు చూసినప్పుడల్లా కొందరు నాన్నల మొహాల్లో కనిపించే ప్రశాంతత ఇంతా అంతా కాదు.

నేను ఆ డేకేర్ ఇన్‌ఛార్జిని. కాకినాడలో పుట్టి పెరిగినదాన్ని, నోరు కొంచెం పెద్దది. నా కింద నలుగురు ఆయాలు. వాళ్ళలో పెద్దాయమ్మ బోరబండ నుంచి వచ్చేది. ఎత్తుకుంటే చాలు, ఎంతటి ఏడుపు పిల్లయినా ఊరుకోవలసిందే. ఆవిడకి కొన్ని గట్టి నమ్మకాలుండేవి. అందులో మొదటిది, మగవాడి చేతిలో పసిబిడ్డ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు కింద పడుతుందని.

ఒకరోజు పొద్దున్నే ఆ 'ప్రవేశం లేదు' బోర్డు కింద ఒకాయన నిలబడ్డాడు. భుజానికి లాప్‌టాప్ బ్యాగు, చంకలో రెండేళ్ళ పాప. పాప గౌను వెనకది ముందుకి, ముందుది వెనక్కి ఉంది.

"మేడం, జర మా పాపని చేర్చుకోండ్రి."

"పాప వాళ్ళమ్మగారు ఏ టీమండీ?"

"ఆమె ఇక్కడ కాదు మేడం. జీడిమెట్లల మందుల ఫ్యాక్టరీ. నేనే ఇక్కడ చేస్తున్న, టెస్టింగ్ టీంల."

నా వెనక నుంచి పెద్దాయమ్మ తొంగిచూసి, చెంపలు పట్టుకుంది. "అయ్యో బిడ్డా! తల్లి లేదా?"

"ఉంది పెద్దమ్మా. డ్యూటీల ఉంది."

సంగతి ఏమిటంటే, అతని భార్యకి ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా ప్రమోషన్ వచ్చింది. అక్కడ ఆ కుర్చీలో అంతవరకూ ఆడమనిషి కూర్చోలేదట. వచ్చే నెల మొదటి తారీఖు నుంచి చేరాలి. ఇన్నాళ్ళూ పాపని చూసుకున్న పక్కింటావిడ ఈ నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతోంది. ఫ్యాక్టరీలో పిల్లల్ని చూసుకునే ఏర్పాటు లేదు. మేం చేర్చుకోకపోతే ఆ అమ్మాయి ప్రమోషన్ మాట దేవుడెరుగు, ఉన్న ఉద్యోగమే మానుకోవాలి.

"ఆమె మానుకుంటననే అంటున్నది మేడం. నాకే మనసొప్పుతలేదు. నాకంటే మస్తు ఇష్టంగ చేస్తది పని" అన్నాడు. అంటూనే పాప ముక్కు తన చొక్కా చేతికి తుడిచాడు. ఆ చొక్కాతోనే పైకెళ్ళి మీటింగులో కూర్చుంటాడు కాబోలు అనుకున్నాను. మనిషి నాకు నచ్చాడు.

పై అంతస్తుకి వెళ్ళి అడ్మిన్ మేనేజర్ని అడిగాను. ఆయనది అనంతపురం. మంచివాడే, కానీ కొత్తది ఏది విన్నా ముందు భయపడతాడు.

"ఏంది మేడం మీరు చెప్పేది? ఈ పొద్దు ఒకడొస్తాడు, రేపు పదిమందొస్తారు. అది డేకేరా, మగోళ్ళ క్యాంటీనా? అయినా లోపల పాలిచ్చే తల్లులుంటారు గదా. వాళ్ళకి ఎంత ఇబ్బంది!"

"పాలిచ్చే గది వరండాకి అవతల ఉందండీ. దానికి వేరే తలుపుంది. మీరే కట్టించారు."

"ఉంటే ఉండనీ. ఇబ్బంది ఇబ్బందే."

పక్కన హెచ్ఆర్ అమ్మాయి ఉంది. చక్కటి చీర, చక్కటి మాట. "మేడం, మన పాలసీ చాలా ప్రోగ్రెసివ్ అండీ. డేకేర్ అనేది విమెన్ బెనిఫిట్. మగవాళ్ళకి ఇచ్చేస్తే అది విమెన్ బెనిఫిట్ ఎలా అవుతుంది చెప్పండి?"

"అక్కడ జీడిమెట్లలో ఉద్యోగం పోయేది ఆడదానికే కదమ్మా?"

"ఆవిడ మన ఎంప్లాయీ కాదు కదండీ" అంది, ఎంతో బాధగా.

మా ఇంట్లో అయితే దీనికి నేను వేరే జవాబు చెప్పేదాన్ని. ఆఫీసు కాబట్టి నవ్వి, కిందికి వచ్చేశాను.

నోరున్నవాళ్ళకి బుర్ర కూడా కాస్త ఉండాలి కదా. మా డేకేర్‌లో ఒక పద్ధతి ఉంది. దానికి మేం 'అలవాటు వారం' అని పేరు పెట్టుకున్నాం. ఏ పిల్లనైనా చేర్చుకునే ముందు, ఇంట్లోవాళ్ళు ఎవరో ఒకరు కొన్నాళ్ళు వచ్చి పక్కన కూర్చోవాలి. పిల్లకి చోటు అలవాటైందనుకున్నాకే చేర్చుకోవడం. చేర్చుకోవడానికి అమ్మ ఇక్కడ పనిచేయాలన్నారు గానీ, అలవాటు చేయడానికి అమ్మే రావాలని ఎవరూ అనలేదు. నేను ఆ టెస్టింగ్ అబ్బాయిని పిలిచి, "చేర్చుకోవడం సంగతి పైవాళ్ళు తేలుస్తారు. ఈలోగా మీరు మధ్యాహ్నాలు వచ్చి అలవాటు చేసుకోండి" అన్నాను. ఇలా చేశానని మేనేజర్‌కి చెప్పాను కూడా. ఆయన తలపట్టుకుని, "నన్నడగద్దు మేడం, నేనేం ఇనలేదు" అన్నాడు. అదే ఆయన అనుమతి.

ఆ వారం మా ఆయాలకి సినిమా చూసినట్టుండేది. పిల్లల కుర్చీలో ఆరడుగుల మనిషి, మోకాళ్ళు చెవుల దాకా వచ్చాయి. పాప చేయి చాచేలోపే పెద్దాయమ్మ ఎక్కడి నుంచో ఊడిపడి, "సార్, మీకు రాదు, ఇటియ్యిండ్రి" అని లాక్కునేది. ఆయన "నా బిడ్డనే పెద్దమ్మా" అని మళ్ళీ తీసుకునేవాడు. ఆ పాప ఇద్దరి మధ్యా బస్సు స్టాపులో సూట్‌కేసులా తిరిగేది.

ఆయన గొప్ప పనిమంతుడేం కాదు, ముందే చెప్తున్నాను. గౌను తిరగేసి తొడగడం ఆఖరిదాకా మానలేదు. పిల్లల్ని పడుకోబెట్టమంటే, పాపకి జోకొడుతూ జోకొడుతూ అందరికంటే ముందు తనే గుర్రుపెట్టేవాడు. పిల్లలు చుట్టూ చేరి ఆయనకే దుప్పటి కప్పి జోకొట్టేవారు. పెద్దాయమ్మ నోటికి కొంగడ్డం పెట్టుకుని, "గిదేంది మేడం, ఇంకో పిల్లగాడు ఎక్కువైండు మనకు" అనేది. కానీ నాలుగో రోజుకి ఆవిడ లాక్కోవడం తగ్గించింది. పాప ఏడిస్తే ఒక కంట చూస్తూ ఊరుకునేది. ఇంకా పడేయలేదే అని ఆవిడకే ఆశ్చర్యంగా ఉన్నట్టుంది.

ఆ వారంలోనే మహిళా దినోత్సవం వచ్చింది.

మీ ఆఫీసుల్లోనూ చేస్తారు కదా, చూసే ఉంటారు. గులాబీ రంగు బెలూన్లు, గులాబీ రంగు కేకు, లిఫ్టు దగ్గర ఒక్కొక్కరికీ ఒక గులాబీ. పై అంతస్తులో పెద్ద హాలు. ఇల్లూ ఉద్యోగమూ రెండు చేతులా మోస్తున్న తల్లులకు సన్మానం. ఆ రెండో చెయ్యి ఎందుకు ఖాళీ చేయకూడదని అడిగేవాళ్ళు లేరు గానీ, చప్పట్లు మాత్రం బ్రహ్మాండంగా కొట్టారు. ఫోన్లన్నీ మూగపెట్టమని ముందే చెప్పారు. ఆయాలకి కూడా సన్మానమట, అందరూ ఒకే రంగు చీరల్లో రావాలట. "అందరూ వచ్చేస్తే పిల్లల్ని ఎవరు చూస్తారమ్మా?" అంటే, హెచ్ఆర్ అమ్మాయి "ఒక్క అరగంటే కదండీ, ఫోటో బాగా రావాలి" అంది. కిందన నేను, ఒక చిన్నాయా, అలవాటు వారంలో ఉన్న టెస్టింగ్ నాన్న మిగిలాం.

అరగంట అనుకున్నది అరగంటలో అయిందా? ఉపన్యాసాలు సాగుతూ ఉండగా ఒక బాబు వాంతి చేసుకున్నాడు. వాడిని చూసి పక్కపాప చేసుకుంది. ఆ ఇద్దరినీ చూసి మిగతావాళ్ళు ఏడుపు అందుకున్నారు. పిల్లల ఏడుపు ఎలా అంటుకుంటుందో చూసినవాళ్ళకే తెలుసు. ఇద్దరికీ ఒళ్ళు వెచ్చగా కూడా తగిలింది. నేను బోర్డు చూసి ఒక్కో అమ్మకీ ఫోను కొట్టడం మొదలుపెట్టాను. మోగుతాయి, ఎవరూ తీయరు. అందరూ పైన సన్మానంలో ఉన్నారు.

నేల తుడుస్తున్న టెస్టింగ్ నాన్న తలెత్తి, "మేడం, ఈ బాబు వాళ్ళ నాయన మా ఫ్లోరే. పిలవాల్నా?" అన్నాడు.

ఇన్నేళ్ళూ పైకప్పుకి అవతలి పక్కన అంతమంది మనుషులున్నారన్న మాట.

"పిలవండి నాయనా. తెలిసినవాళ్ళందరినీ పిలవండి."

కాసేపటికి దిగారు నాన్నలు. మొదటివాడు గుమ్మం దగ్గరే ఆగిపోయి, బోర్డు వైపు వేలు చూపించి, "మేడం, మాకు లోపలికి పర్మిషన్ లేదు కదండీ" అన్నాడు.

"మీ వాడు వాంతి చేసుకున్నాడు. పర్మిషన్ వాడే ఇచ్చాడు, రండి."

రెండోవాడు చెవిలో ఇయర్‌ఫోను, చేతిలో తెరిచిన లాప్‌టాప్‌తో వచ్చాడు. ఇంకొకడు తన కూతురి సంచి ఏదో తెలియక, సంచులన్నీ విప్పి మధ్యలో కూర్చున్నాడు. ఒకడి కొడుకు తండ్రిని చూడగానే ఇంకా గట్టిగా "అమ్మా!" అని ఏడ్చాడు, పాపం ఆ తండ్రి మొహం చూడలేకపోయాను. కానీ మొదటివాడి కొడుకు మాత్రం, ఆ వాంతి చేసుకున్నవాడే, ఒళ్ళు వెచ్చగా ఉన్నా లేచి నిలబడి, "మా నాన్న! మా నాన్న ఇక్కడికొచ్చాడు!" అని పిల్లలందరికీ చూపించుకున్నాడు. తండ్రి వేలు పట్టుకుని తను పడుకునే చాపా, తన గ్లాసూ, తను గీసిన ఏనుగూ అన్నీ వరసగా చూపించాడు.

ఆయన ఆ ఏనుగు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "మేడం, మూడేళ్ళ నుంచి ఈ బిల్డింగులోనే ఉన్నానండీ. మా వాడు ఎక్కడ పడుకుంటాడో ఇవాళే చూశాను" అన్నాడు. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఎగతాళి చేద్దామనుకున్న మాట నాలుకమీదే ఉండిపోయింది.

సరిగ్గా అప్పుడే దిగింది గులాబీ దండు. ఫోన్లు చూసుకున్న తల్లులు పరుగున, వాళ్ళ వెనక ఆయాలు, వాళ్ళ వెనక ఆయాసపడుతూ మేనేజరు, హెచ్ఆర్ అమ్మాయి, కెమెరా పట్టుకున్నవాడు. లోపల చూస్తే నేల మీద బాసింపట్లు వేసుకుని మగవాళ్ళు. ఒకడు పళ్ళెంలో అరటిపండు ముక్కలు చేస్తున్నాడు. ఒకడి తలకి పిల్లలు రిబ్బను కట్టేశారు.

"ఎవురు రానిచ్చినారు వీళ్ళని?" అన్నాడు మేనేజరు.

"నేనేనండీ. తల్లులకి ఇబ్బంది అన్నారు కదా మీరు. తల్లులందరూ ఇక్కడే ఉన్నారు, అడుగుదాం. ఏమ్మా, ఎవరికి ఇబ్బంది?"

చంటిపిల్ల తల్లి ఒకావిడ ముందుకొచ్చి, భర్త చేతిలోని బిడ్డని అటూ ఇటూ తిప్పి చూసింది. "నాకు ఇబ్బందేనండీ. డైపరు తిరగేసి వేశారు చూడండి" అంది. అందరూ గొల్లుమన్నారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. "నేర్చుకుంటారు లెండి. రానివ్వండి. ఈ నెలలో నాలుగుసార్లు మీటింగు మధ్యలో లేచి వచ్చాను. ఇవాళ పైన నాకు శాలువా కప్పారు. శాలువా వద్దండీ, ఆ బోర్డు మీద ఈయన నంబరు కూడా రాయండి చాలు."

అంతలో లాప్‌టాప్ నాన్న గొంతు సవరించుకున్నాడు. "అది కాదు, మాకు కూడా ఫోన్లొస్తే... క్లయింట్ కాల్స్ ఉంటాయి కదా... ఇబ్బంది..."

అనేసి, తనేమన్నాడో తనకే వినిపించి ఆగిపోయాడు. గులాబీ చీరలన్నీ ఒక్కసారి ఆయన వైపు తిరిగాయి. ఆయన భార్య నెమ్మదిగా, "ఏమండీ, మా క్లయింట్లు రాళ్ళా?" అంది. ఇబ్బంది ఎవరిదో అప్పటికి మేనేజర్‌క్కూడా అర్థమైంది. పాపం ఆయన తన తల నిమురుకుంటూ, "సరే, సూద్దాం" అన్నాడు. ఆయన భాషలో 'సూద్దాం' అంటే అయిపోయినట్టే.

రూలు మారింది. ఇక్కడ పనిచేసేది తల్లయినా తండ్రయినా పిల్లని చేర్చుకోవచ్చన్నారు. గుమ్మం మీద బోర్డు తీసేశారు, ఆ మేకు మాత్రం ఇప్పటికీ ఉందేమో. హెచ్ఆర్ అమ్మాయి ఇదంతా కంపెనీ ఆలోచనేనని పెద్ద ప్రెజెంటేషన్ చేసింది. నేను ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను. పనయ్యింది, పేరెవరిదైతే నాకేంటి?

ఒక్క పెద్దాయమ్మ మాత్రం లొంగలేదు. బోర్డు మీద రెండేసి నంబర్లున్నా, చెయ్యి దానంతటదే అమ్మ నంబరుకే పోయేది. "అలవాటైపాయె మేడం, ఏం జెయ్యాలె" అనేది. నాన్నలకీ అలవాటు వారం పెట్టాం, అది ఈవిడకి కూడా పెట్టాలన్నమాట.

తర్వాతి నెలలో ఒక సాయంత్రం జీడిమెట్ల నుంచి పాప తల్లి వచ్చింది. షిఫ్ట్ ఇన్‌ఛార్జి. ఫ్యాక్టరీ కోటు మీదే వచ్చింది, దగ్గరికొస్తే మందుల వాసన. సన్నగా, చిన్నగా ఉంది. ఈవిడేనా అంతమంది మగవాళ్ళ చేత పని చేయించేది అనిపించింది. పెద్దాయమ్మ ఆమెని పైనుంచి కింది దాకా చూసి, మనసులో మాట దాచుకోలేక అడిగేసింది.

"బిడ్డని ఇడిసిపెట్టి అంత దూరం ఎట్ల పోతున్నవమ్మా?"

ఆ అమ్మాయికి కోపం రాలేదు. "ఇడిసిపెట్టలే పెద్దమ్మా. వాళ్ళ నాయన దగ్గరుంచి పోతున్న" అంది.

పెద్దాయమ్మ వెళ్ళి పాప సంచి తెచ్చిచ్చింది. మర్నాడు ఆ పాపకి దగ్గు వస్తే ఆవిడ బోర్డు ముందు చాలాసేపు నిలబడి, చివరికి నాన్న నంబరే నొక్కింది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

ఈ పార్కులో మిమ్మల్ని కూర్చోబెట్టింది ఇదంతా చెప్పడానికి కాదు, నేను రిటైరయ్యే ముందు ఒక మధ్యాహ్నం చూసింది చెప్పడానికి. పిల్లలు మళ్ళీ అమ్మానాన్నల ఆట మొదలుపెట్టారు. ఆ టెస్టింగ్ నాన్న కూతురికి అప్పటికి మాటలు బాగా వచ్చేశాయి. అమ్మ వేషం దానిది. ఏనుగు గీసినవాడి తమ్ముడు నాన్న. వాడు మామూలుగా రిబ్బను మెడలో వేసుకుని, టాటా చెప్పి, బీరువా వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

ఆ పిల్ల చెక్కముక్క చెవి దగ్గర పెట్టుకుని, "హలో, నాన్నా? బాబుకి జరమొచ్చింది, రా" అంది.

బీరువా వెనక నుంచి వాడు, "మీటింగ్‌లో ఉన్నా" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఎన్ని బోర్డులు పీకినా ఈ ముక్క ఎక్కడినుంచి నేర్చుకుంటారో! ఆ పిల్ల నవ్వలేదు. చెక్కముక్క కింద పెట్టి, బొమ్మని చంకనెత్తుకుని, తిన్నగా బీరువా వెనక్కి వెళ్ళింది. బొమ్మని వాడి చేతుల్లో పెట్టింది.

"నాకు డ్యూటీ ఉంది. ఏడిస్తే జోకొట్టు, వాంతి చేసుకుంటే తుడువు" అని చెప్పి, వాడి మెడలోని రిబ్బను తీసి తన మెడలో వేసుకుని, టాటా చెప్పి వెళ్ళిపోయింది.

వాడు బొమ్మతో అలాగే కాసేపు నిలబడ్డాడు. ఏడుస్తాడేమోనని పెద్దాయమ్మ లేవబోతే, నేను చెయ్యి పట్టుకుని ఆపాను. వాడు అటూ ఇటూ చూసి, బొమ్మని తీసుకుని బీరువా వెనక నుంచి బయటికొచ్చాడు. చాప మీద పడుకోబెట్టి, పక్కనే చేరి, జోకొడుతూ జోకొడుతూ బొమ్మ కంటే ముందు తనే నిద్రపోయాడు.

పెద్దాయమ్మ వెళ్ళి ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పింది.